మలయా స్వాతంత్ర్యం – ప్రవాస భారతీయుల అభిప్రాయాలు

మలయా సమాఖ్య 1957 ఆగస్టు 31న బ్రిటిష్ పాలన నుంచి బయటపడి స్వతంత్ర దేశమైంది. 1963 సెప్టెంబరు 16న సింగపూరు, సబా, సరవాక్‌లతో కలిసి అది మలేషియాగా మారింది. 1957లో సమాఖ్య జనాభా సుమారు 63 లక్షలు. అందులో భారతదేశం నుంచి వచ్చినవారు, వారి సంతానం కలిపి దాదాపు 7 లక్షలు, అంటే నూటికి పదకొండు మంది. వారిలో అత్యధికులు తమిళులు. తెలుగువారు, మలయాళీలు, పంజాబీలు, గుజరాతీ వర్తకులు తర్వాతి వరసలో ఉండేవారు. మలయా స్వతంత్ర దేశం కావాలా, ఎప్పుడు, ఎలాంటి రాజ్యాంగంతో కావాలి అన్న ప్రశ్నలకు ఈ జనం ఇచ్చిన జవాబులను, జవాబు చెప్పే వీలు దొరకని వారి పరిస్థితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మలయాలో స్వాతంత్ర్యం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. భారతీయ సంతతి ఎక్కువగా ఉన్న మారిషస్‌లో 1967 ఆగస్టు ఎన్నికలు దాదాపు ఆ ప్రశ్న మీదే జరిగాయి. అక్కడ నూటికి 44 మంది స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించే పక్షానికి ఓటు వేశారని లెక్క చూపించవచ్చు. మలయా భారతీయుల విషయంలో అలాంటి అంకె లేదు. సంఘాల తీర్మానాలు, వినతిపత్రాలు, సమ్మెలు, పౌరసత్వ దరఖాస్తులు, అన్నిటికీ చివర తిరుగు ఓడ ఎక్కినవారి సంఖ్య, వీటి నుంచే వారి మనసు తెలుసుకోవాలి. వాటిని వరసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. దొరలు వెళ్ళిపోవాలన్నదాని మీద భారతీయుల్లో పెద్ద తగాదా లేదు. వాళ్ళు వెళ్ళిన తర్వాత ఈ నేల మీద మన హక్కు ఏమిటన్న దగ్గరే వారు చీలిపోయారు, తడబడ్డారు, నష్టపోయారు.

వలస, దాని స్వభావం

పందొమ్మిదో శతాబ్దంలో చెరకు, కాఫీ తోటలకు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరు తోటలకు మద్రాసు రాజధాని నుంచి కూలీలు తరలివెళ్ళారు. మొదట ఒప్పంద కూలీ పద్ధతి ఉండేది. తర్వాత కూలీ మేస్త్రీలైన కంగాణీలు తమ ఊళ్ళకు వచ్చి బంధువులను, కులం వారిని పోగుచేసి తీసుకెళ్ళే పద్ధతి బలపడింది. విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు ఈ దారిలోనే వెళ్ళారు. మద్రాసు దగ్గర ఆవడి శిబిరంలో వైద్యపరీక్షలు, తర్వాత ఓడ ప్రయాణం, అక్కడ పెనాంగ్ దగ్గర దీవిలో క్వారంటైను, ఆ పైన తోటలోని కూలీ లైను. పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో చుట్టుపక్కల కొబ్బరి తోటలలో, కెడా, సెలంగూర్, జొహోర్ రబ్బరు తోటలలో తెలుగు కుటుంబాలు గుంపులుగా స్థిరపడ్డాయి.

రబ్బరు ధర పెరిగితే కూలీలను రప్పించేవారు, పడిపోతే వెనక్కి పంపేవారు. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యంలో వేలాది మందిని తిరుగు ఓడలు ఎక్కించారు. ఈ రాకపోకల వల్ల మలయా తమ ఊరు అన్న భావన తోట కూలీల్లో ఆలస్యంగా పాదుకుంది. తర్వాతి కాలంలో భారతీయులకు ఈ దేశం మీద ప్రేమ లేదని నిందించినవారు ఈ సంగతిని మరిచిపోయారు. ఉండనివ్వని చోట మనసు నిలవడం కష్టం.

భారతదేశం వైపు చూసిన కాలం

1930లలో మలయా భారతీయుల రాజకీయ దృష్టంతా భారతదేశం మీదే ఉండేది. 1936లో స్థాపించిన మలయా కేంద్ర భారతీయ సంఘంలో న్యాయవాదులు, వైద్యులు, వర్తకులు ముఖ్యులు. వాళ్ళు కోరింది మలయా స్వాతంత్ర్యం కాదు. భారతీయ కూలీకి న్యాయమైన వేతనం, భారతీయుడికి గౌరవం కోరారు. 1936–37లో వి. ఎస్. శ్రీనివాస శాస్త్రి భారత ప్రభుత్వం తరఫున వచ్చి కూలీల స్థితిగతులు పరిశీలించారు. వలసను ఆపనక్కర్లేదన్న ఆయన నివేదిక సంఘం నాయకులకు నచ్చలేదు. 1937లో జవహర్‌లాల్ నెహ్రూ మలయాలో పర్యటించినప్పుడు తోట కూలీలు పెద్ద ఎత్తున సభలకు వచ్చారు. 1938 జూన్‌లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిషేధించింది.

1941లో క్లాంగ్ ప్రాంతపు తోటల్లో జరిగిన సమ్మెలు ఈ దశకు పరాకాష్ఠ. చైనా కూలీలతో సమాన వేతనం, కల్లు దుకాణాల మూసివేత, ఆడవాళ్ళ మీద వేధింపుల నివారణ వారి కోరికల్లో కొన్ని. దొర గానీ గుమాస్తా గానీ ఎదురైతే సైకిలు దిగి నిలబడాలన్న నియమం పోవాలన్నది మరొకటి. నాయకుడు ఆర్. హెచ్. నాథన్‌ను ప్రభుత్వం దేశం నుంచి పంపేసింది. సైన్యాన్ని దించి జరిపిన కాల్పుల్లో కూలీలు చనిపోయారు. వలసపాలన అంటే ఏమిటో ఆ కూలీలకు ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేకపోయింది. సైకిలు దిగాల్సి వచ్చిన ప్రతిసారీ అది వాళ్ళకు తెలుస్తూనే ఉంది.

అదే ఏడాది డిసెంబరులో జపాను సైన్యం దిగింది. ఆక్రమణ కాలంలో భారత స్వాతంత్ర్య సంఘం, ఆజాద్ హింద్ ఫౌజ్ మలయా భారతీయులను ఇదివరకెన్నడూ లేనంతగా కూడగట్టాయి. 1943 జూలైలో సుభాష్ చంద్రబోసు సింగపూరు వచ్చి నాయకత్వం చేపట్టారు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించారు. తోట కూలీలు వేలాదిగా సైన్యంలో చేరారు. ఝాన్సీరాణి దళంలో తోటల ఆడపిల్లలు తుపాకీ పట్టారు. ఇదే కాలంలో జపాను సైన్యం బర్మా–సయాం రైలుమార్గం పనికి తోటల నుంచి తరలించిన కూలీల్లో వేలాది మంది జబ్బులతో, ఆకలితో చనిపోయారు. భారతదేశ విముక్తి అన్న ఆశ, సయాం రైలుపని అన్న భయం ఒకే తోటలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉండేవి.

యుద్ధం ముగిశాక మిగిలిన ఫలితాల్లో రాజకీయంగా ముఖ్యమైనది ఒకటుంది. కులం, భాష దాటి భారతీయుడు ఒకడేనన్న భావన తోటల్లోకి పాకింది. అయితే ఆ భారతీయుడి దేశం బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున ఉంది.

మలయా యూనియన్, ప్రజా రాజ్యాంగం (1946–48)

1946 ఏప్రిల్ 1న బ్రిటన్ మలయా యూనియన్‌ను ఏర్పాటు చేసింది. సుల్తానుల అధికారం తగ్గించి, ఇక్కడ పుట్టినవారికి, ఏళ్ళ తరబడి నివసించినవారికి సులువుగా పౌరసత్వం ఇచ్చే పథకం అది. మలయ్‌లు భగ్గుమన్నారు. మే నెలలో వారి పార్టీ ఉమ్నో పుట్టింది. ఎవరికి మేలు చేసే పథకమో ఆ భారతీయులు, చైనీయులు దాన్ని కాపాడుకోవడానికి గట్టిగా ముందుకు రాలేదు. భారతీయుల చూపు ఢిల్లీ మీద ఉంది. అక్కడ స్వాతంత్ర్యం గుమ్మంలోకి వచ్చి నిలబడిన రోజులవి. మలయా పౌరసత్వం తీసుకుంటే రేపటి స్వతంత్ర భారతంలో చోటు పోతుందేమో అన్న అనుమానం చదువుకున్నవారిలో కూడా ఉండేది. నా దృష్టిలో మలయా భారతీయులు చేజార్చుకున్న అతి పెద్ద అవకాశం ఇదే. అంత ఉదారమైన పౌరసత్వ నియమాలు వారి ముందుకు మళ్ళీ రాలేదు.

1946 ఆగస్టులో జాన్ తివీ నాయకత్వంలో మలయన్ ఇండియన్ కాంగ్రెస్ ఏర్పడింది. తివీ ఆజాద్ హింద్ ఉద్యమంలో పనిచేసినవారు. తర్వాత స్వతంత్ర భారత ప్రతినిధిగా అదే మలయాలో నియమితులయ్యారు. రెండు దేశాల మధ్య ఆ తరం నాయకుల స్థితి ఎలా ఉండేదో ఈ నియామకమే చెబుతుంది.

యూనియన్‌ను ఉపసంహరించి ఉమ్నోతో, సుల్తానులతో బ్రిటన్ సమాఖ్య ఒప్పందానికి దిగినప్పుడు మాత్రం ఇండియన్ కాంగ్రెస్ మేలుకుంది. తాన్ చెంగ్ లాక్ అధ్యక్షతన ఏర్పడిన అఖిల మలయా సంయుక్త కార్యాచరణ మండలిలో అది చేరింది. మండలి, మలయ్ వామపక్ష సంఘాల కూటమి పుతెరా కలిసి 1947లో ప్రజా రాజ్యాంగ ప్రతిపాదనలు తయారు చేశాయి. సింగపూరుతో కూడిన ఒకే మలయా, ఎన్నికైన శాసనసభ, మలయ్ జాతీయ భాష, జాతి భేదం లేకుండా పౌరులందరికీ మెలాయు అన్న ఒకే జాతీయత అందులో ముఖ్యాంశాలు. అక్టోబరు 20న దేశమంతటా హర్తాళ్ జరిగింది. వలస వచ్చిన జనం ఈ నేల పేరును తమ జాతీయతగా పెట్టుకోవడానికి ఒప్పుకున్న సందర్భం అది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని పట్టించుకోలేదు. 1948 ఫిబ్రవరి 1న కఠినమైన పౌరసత్వ నిబంధనలతో మలయా సమాఖ్య అమలులోకి వచ్చింది.

పెనాంగ్ వేర్పాటు

బ్రిటిష్ నీడ పోకూడదని బాహాటంగా కోరినవారు కూడా ఉన్నారు. 1826 నుంచి జలసంధి స్థావరాల్లో భాగమైన పెనాంగ్‌లో పుట్టినవారు బ్రిటిష్ ప్రజలు. స్వేచ్ఛా రేవు వారి వ్యాపారానికి ప్రాణం. సమాఖ్యలో కలిస్తే సుంకాలు పడతాయని, మలయ్ ఆధిపత్యం కింద తమ హోదా పోతుందని 1948 డిసెంబరులో వర్తక సంఘాలు వేర్పాటు సమితి పెట్టాయి. యూరోపియన్లు, చైనీయులు ముందు నడిచారు. భారతీయ వర్తకులు, యురేషియన్లు వెంట నిలిచారు. 1949 ఫిబ్రవరిలో స్థావర మండలిలో వేర్పాటు తీర్మానం 10 ఓట్లు అనుకూలంగా, 15 వ్యతిరేకంగా వచ్చి వీగిపోయింది. లండన్‌కు పంపిన వినతిని 1951లో తిరస్కరించారు. రేవు వర్తకుడి అభిప్రాయానికి, తోట కూలీ అభిప్రాయానికి మధ్య దూరం ఈ ఉదంతంలో కనిపిస్తుంది.

ఎమర్జెన్సీ

1948 జూన్‌లో కమ్యూనిస్టు తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. అంతకు ముందు రెండేళ్ళలో తోటల్లో బలపడిన కార్మిక సంఘాలు ఆ దెబ్బకు కూలిపోయాయి. అఖిల మలయా కార్మిక సంఘాల సమాఖ్య అధ్యక్షుడు, తంజావూరు ప్రాంతంలో పుట్టిన ఎస్. ఎ. గణపతిని ఆయుధం దగ్గర ఉంచుకున్న నేరం మీద 1949 మే 4న కౌలాలంపూర్ పూడు జైలులో ఉరితీశారు. భారత ప్రభుత్వం ప్రాణభిక్ష కోరినా ఫలితం లేకపోయింది. వలసపాలనను సూటిగా ఎదిరించిన భారతీయ కార్మిక గొంతు అక్కడితో నొక్కుకుపోయింది. తర్వాత పి. పి. నారాయణన్ వంటివారు నడిపిన తోట కార్మికుల సంఘం 1954లో జాతీయ స్థాయిలో ఏకమైంది. అది వేతనాల బేరానికి పరిమితమై, రాజ్యాంగం జోలికి పెద్దగా పోలేదు. స్వాతంత్ర్యపు షరతులు కుదురుతున్న సంవత్సరాల్లో తోట కూలీ తరఫున గట్టిగా మాట్లాడేవారు లేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

బేరసారాల కాలం (1951–57)

1951లో ఉమ్నోను వదిలి దాతో ఓన్ జాఫర్ అన్ని జాతుల వారితో మలయా స్వాతంత్ర్య పార్టీ స్థాపించినప్పుడు ఇండియన్ కాంగ్రెస్ అటు మొగ్గింది. జాతి ప్రాతిపదిక లేని రాజకీయం సంఖ్యాబలం లేనివారికి మేలని వారి అంచనా. ఆ అంచనాలో తప్పేమీ లేదు. కానీ 1952 ఫిబ్రవరి కౌలాలంపూర్ పురపాలక ఎన్నికల్లో ఉమ్నో, మలయన్ చైనీస్ అసోసియేషన్ కలిసి 12 స్థానాల్లో 9 గెలిచాయి. గాలి ఎటు వీస్తోందో తేలిపోయింది. 1954లో ఇండియన్ కాంగ్రెస్ ఆ రెండు పార్టీల కూటమిలో మూడో భాగస్వామి అయింది. మరుసటి ఏడాది పంజాబీ న్యాయవాది కె. ఎల్. దేవాసర్ స్థానంలో సుంగై సిపుట్‌కు చెందిన వి. టి. సంబంధన్ అధ్యక్షుడయ్యారు. ఇంగ్లీషు చదువుల నాయకత్వం వెనక్కి తగ్గి, తమిళ తోట జనానికి చేరువైన నాయకత్వం వచ్చింది.

1955 జూలై 27 ఎన్నికల్లో కూటమి 52 స్థానాల్లో 51 గెలిచింది. సుమారు 12.8 లక్షల ఓటర్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా మలయ్‌లు, భారతీయులు నూటికి నలుగురు కూడా లేరు. జనాభాలో పదకొండు శాతం ఉన్నవారు ఓటరు జాబితాలో నాలుగు శాతం లోపు ఉండటమే ఈ చరిత్రకంతటికీ కీలకం. స్వాతంత్ర్యం మీద భారతీయుల అభిప్రాయమని పత్రికల్లో వచ్చినది నిజానికి పౌరసత్వం దొరికిన కొద్దిమంది అభిప్రాయం.

1956 జనవరిలో ఉమ్నో అధ్యక్షుడు తుంకు అబ్దుల్ రహ్మాన్ నాయకత్వంలో లండన్ చర్చలకు వెళ్ళిన బృందంలో కూటమి తరఫున నలుగురు, సుల్తానుల తరఫున నలుగురు ఉన్నారు. భారతీయుడు ఒక్కరూ లేరు. రాజ్యాంగ రచనకు ఏర్పడిన రీడ్ సంఘంలో అలహాబాదు హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి బి. మాలిక్ భారతదేశం నుంచి సభ్యుడు. సంఘానికి 131 వినతిపత్రాలు అందాయి. ఇండియన్ కాంగ్రెస్ కూటమి ఉమ్మడి పత్రానికి కట్టుబడింది. మలయ్‌ల ప్రత్యేక స్థానాన్ని ఒప్పుకుని, బదులుగా స్వాతంత్ర్యం తర్వాత పుట్టే ప్రతి బిడ్డకూ జన్మతః పౌరసత్వం సాధించింది. స్వాతంత్ర్యానికి ముందు పుట్టినవారికి కూడా ఆ హక్కు ఉండాలని, ప్రత్యేక హక్కులకు గడువు పెట్టాలని కోరినవారి మాట చెల్లలేదు. సంబంధన్‌ను తప్పుపట్టినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఓట్లు లేని జనానికి నాయకుడై ఆయన తెచ్చింది తక్కువేమీ కాదని నేననుకుంటాను. అయినా ఆ బేరంలో ఎక్కువ మూల్యం చెల్లించింది ఆ గదిలో లేనివారే.

తెలుగువారి గొంతు

మలయా భారతీయుల్లో తెలుగువారు పదో వంతుకు లోపే. భారతీయ రాజకీయాలు తమిళంలోనో ఇంగ్లీషులోనో నడిచేవి. అందుకే స్వాతంత్ర్య చర్చలో తెలుగువారి వాదన అని విడిగా చూపించగలిగే పత్రాలు అరుదు. వారి ఆలోచనకు దగ్గరి ఆధారం 1955లో ఏర్పడిన మలయా ఆంధ్ర సంఘం. ఎన్నికల సంవత్సరంలోనే, స్వాతంత్ర్యానికి రెండేళ్ళ ముందు, తోటల్లో చెదిరి ఉన్న తెలుగువారు ఒక దేశవ్యాప్త సంఘంగా నమోదవడాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం. ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడిన ఉత్సాహం ఒక పక్క ఉంది. కొత్త దేశంలో భారతీయుడంటే తమిళుడే అన్న లెక్క స్థిరపడితే పిల్లలు తెలుగు మరిచిపోతారన్న బెంగ మరో పక్క ఉంది. బడి, భాష, పండుగ, పెళ్ళిసంబంధం, ఇవీ సంఘం పట్టించుకున్న విషయాలు. వెనక్కి పోదామనుకునేవారు ఇలాంటి ఏర్పాట్లు చేసుకోరు. మలేషియా ఏర్పడ్డాక ఆ సంఘం పేరూ దానికి తగ్గట్టు మారింది, తర్వాత మలేషియా తెలుగు సంఘమైంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి.

ఏ దేశపు మనిషి?

భారత రాజ్యాంగం ఎనిమిదో అధికరణం ప్రవాసులకు భారత పౌరులుగా నమోదయ్యే దారి తెరిచింది. 1955 పౌరసత్వ చట్టం మాత్రం మరో దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవారికి భారత పౌరసత్వం పోతుందని తేల్చింది. ఉన్న దేశానికే విధేయులై ఉండండి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దు అన్నది నెహ్రూ ప్రభుత్వ విధానం. మలయా వైపు చూస్తే, స్వాతంత్ర్యం వచ్చాక తొలి ఏడాది దరఖాస్తు చేసుకున్నవారికి మలయ్ భాషా పరీక్ష మినహాయించారు. పట్టణాల్లో గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఈ వీలును వాడుకున్నారు. సింగపూరులో తమిళ మురసు సంపాదకుడు జి. సారంగపాణి తమిళులు పౌరసత్వం తీసుకోవాలని ఉద్యమంగా ప్రచారం చేశారు.

తోటల్లో పరిస్థితి వేరు. పుట్టిన తేదీకి కాగితం లేదు, ఏ ఏడు ఓడ దిగారో చూపే రుజువు లేదు, దరఖాస్తు రాసిపెట్టేవారు లేరు. కొందరికి ఊళ్ళో అన్నదమ్ముల దగ్గర పొలం మీద ఆశ ఇంకా ఉంది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో యూరోపియన్ యజమానులు తోటలను ముక్కలుగా అమ్మి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. పనితో పాటు లైనింట్లో నీడ కూడా పోయేది. 1960లో సంబంధన్ స్థాపించిన జాతీయ భూమి ఆర్థిక సహకార సంఘం కూలీల దగ్గర తలా 10 డాలర్ల చొప్పున వాటా సొమ్ము పోగుచేసి తోటలను కొనడం మొదలుపెట్టింది. ఈ దేశంలోనే ఉంటామని కూలీలు తమ సంపాదనతో చేసిన ప్రకటనగా దీన్ని చూడాలి. సభల్లో చేసిన తీర్మానాలకంటే నాకిది బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది.

పౌరసత్వం తీసుకోనివారి మీద దెబ్బ స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్ళ తర్వాత పడింది. పౌరులు కానివారు పనిచేయాలంటే పర్మిట్ ఉండాలన్న చట్టం 1968లో వచ్చింది. 1969 మే 13 జాతి అల్లర్ల తర్వాత అది గట్టిగా అమలైంది. సుమారు 60,000 మంది భారతీయులు ఆ రోజుల్లో మలేషియా వదిలి వెళ్ళారని అంచనా. వారిలో పుట్టినప్పటి నుంచీ మద్రాసు రేవును చూడనివారు కూడా ఉన్నారు.

యాభై ఏళ్ళ తర్వాత

2007లో ఆ పాత ప్రశ్న మళ్ళీ పైకి లేచింది. హిందూ హక్కుల కార్యాచరణ సంస్థ హింద్రాఫ్ తరఫున న్యాయవాది పి. వేదమూర్తి స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సమయంలోనే లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం మీద దావా వేశారు. ఒప్పంద కూలీలను తెచ్చుకుని, వెళ్ళేటప్పుడు వారి హక్కులకు రాజ్యాంగంలో సరైన రక్షణ పెట్టకుండా వదిలేశారన్నది అభియోగం. పరిహారంగా అడిగింది 4 లక్షల కోట్ల డాలర్లు. స్వాతంత్ర్యం రాకుండా ఉండాల్సిందని హింద్రాఫ్ అనలేదు. వచ్చిన తీరులో తమ తాతలకు అన్యాయం జరిగిందని వాదించింది. నవంబరు 25న కౌలాలంపూర్ వీధుల్లోకి వేలాది మంది వచ్చారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. డిసెంబరులో ఐదుగురు నాయకులను అంతర్గత భద్రతా చట్టం కింద నిర్బంధించారు. 2008 మార్చి ఎన్నికల్లో పాలక కూటమి మూడింట రెండు వంతుల ఆధిక్యం కోల్పోయింది. ఇండియన్ కాంగ్రెస్ అధ్యక్షుడు సామివేలు ఓడిపోయిన స్థానం సుంగై సిపుట్, ఒకప్పుడు సంబంధన్ గెలుస్తూ వచ్చిన నియోజకవర్గం.

మలేషియాలో పౌరులకు నీలం గుర్తింపు కార్డు, శాశ్వత నివాసులకు ఎర్ర కార్డు ఇస్తారు. తోటల్లో పుట్టి, అక్కడే పెరిగి, ఎర్ర కార్డుతోనో ఏ కార్డూ లేకుండానో ముసలివారైన భారతీయులు ఇప్పటికీ ఉన్నారు. వారి కాగితాలు సరిచేయడానికి 2011లో ప్రభుత్వం మైదఫ్తర్ పేరుతో ప్రత్యేక నమోదు శిబిరాలు నడిపింది. ఓటు లేకపోవడం వల్ల 1955లో లెక్కలోకి రాని తోట కుటుంబాల వారసుల్లో కొందరు ఆ శిబిరాల ముందు వరసల్లో నిలబడ్డారు.